ఇరవై మూడో పలక

గాజుని ఎవరూ వంచరు.
కొత్తగా పనిలో చేరిన వాళ్లకి ఓట్మార్ చెప్పే మొదటి మాట ఇదే.
పలకని ఉక్కు అచ్చు మీద పడుకోబెట్టి
బట్టీ మూత దించి
వేడి ఎక్కిస్తూ పోతాం, అంతే.
ఆరువందల ఇరవై దాటాక
దాని బరువు దానికే తెలిసొస్తుంది.
నడుం వాలుస్తుంది,
రోజంతా నిలబడ్డ మనిషి కుర్చీలోకి జారినట్టు.

అసలు పని ఆ తర్వాత. చల్లార్చడం.
గంటకి ఏడు డిగ్రీలు. మూడు పగళ్లు, మూడు రాత్రులు.
తొందరపడితే గాజుకి లోపల కోపం మిగిలిపోతుంది.
పైకి తళతళలాడుతూనే ఉంటుంది.
ఏడాదికో, ఆరేళ్లకో
ఎవరూ తాకని ఒక మధ్యాహ్నం
ఉన్నట్టుండి భళ్లుమంటుంది.

ప్రాగ్ నుంచి వచ్చినవాళ్లు ఇరవై మూడు పలకలు అడిగారు.
ఏ వంపుకి ఆ వంపే వేరు.
స్మారక మందిరం నడిమధ్య నిలబడి తలెత్తితే
నీటి అడుగు నుంచి వెలుతురుని చూసినట్టుండాలట.
ఆ మాటన్న కుర్రాడు ఈ లోయవాడు కాదు.
బ్లాజెనా గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టి
బయటికెళ్లిపోయింది.
వాళ్ల పెద్దమ్మని మూడో రోజున
ఆపిల్ చెట్టు కొమ్మల్లోంచి దించారు.

ఎగువన ఆనకట్ట తెగింది నేను పుట్టక ముందు.
అరవై నాలుగు పేర్లు రాతిలో చెక్కుతున్నారు.
మా తాత పేరు అందులో ఉండదు.
ఆయన బతికాడు.
కట్టకి కాపలాదారు ఆయన.
ఆ సాయంత్రం దిగువ గడ్డిలో
అరచెయ్యంత చెమ్మ కనపడిందట.
బూటు మడమతో నొక్కి చూశాడట.
పొద్దున చూద్దాంలే అనుకున్నాడట.

ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.
బళ్లో ఒక పిల్ల చెప్పింది, రేగుపండ్లంత బెర్రీలు నములుతూ.
ఊళ్లో ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు.
రొట్టెల కొట్టు వరసలో మాత్రం
మా వెనకవాళ్లు కాస్త ఎడంగా నిలబడేవాళ్లు.
తాత పోయేదాకా రోజూ తెల్లారకముందే లేచి
ఇంటి చుట్టూ నేలని తడిమి చూసేవాడు,
మంచు మోకాలిదాకా ఉన్న రోజుల్లో కూడా.

చివరి పలక. రాత్రి రెండు.
ఆరింటికి లారీ. క్రేన్‌కి అద్దె కట్టేశారు.
మేయరు ఉపన్యాసం అచ్చయిపోయింది.
దీపాన్ని పక్కవాటుగా పెట్టి
అంచు వెంట వేలు నడిపిస్తున్నాను,
జ్వరం తగ్గిందో లేదో పిల్ల నుదురు చూసినట్టు.
ఎడమ మూల దగ్గర గోరు తట్టుకుంది.
వెంట్రుక. వెంట్రుకలో సగం.
చట్రంలో బిగిస్తే రబ్బరు కింద దాగిపోతుంది.
ముప్పై అడుగుల ఎత్తున ఎవరు చూడొచ్చారు?

కాసేపు కూర్చున్నాను.
అబద్ధమెందుకు, కాసేపు కాదు,
కప్పులో టీ మీద మీగడ కట్టేంత సేపు.
తాతా ఇలాగే కూర్చుని ఉంటాడు,
బూటు లేసు విప్పాలా వద్దా అని.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన మీద జాలేసింది.
జాలేసినందుకు భయమేసింది.

ఓట్మార్ తలుపు బాదాను.
చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు.
"పగులుంది," అన్నాను.
నా గొంతు నాకే పెద్దగా వినపడింది.
తిట్టాడు. దేవుణ్ణి, క్రేన్‌ని, నన్ను, వరసగా.
తర్వాత కోటు కోసం లోపలికెళ్లాడు.

ప్రారంభోత్సవం నాటికి పైన ఇరవై రెండే.
ఇరవై మూడో చోట నీలం టార్పాలిన్ కట్టారట.
ఆ రోజు వానట.
మేయరు మెడ మీద బొట్లుబొట్లుగా పడిందని,
ఆయన కాలరు సర్దుకుంటూనే
అరవై నాలుగు పేర్లూ చదివాడని
బ్లాజెనా వచ్చి చెప్పింది.
చెప్పి వెళ్లిపోలేదు.
నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

నాలుగువందల పది.
నాలుగువందల మూడు.
మూత ముట్టుకోలేదు ఇద్దరం.